60 ఎకరాల పొలానికి డ్రోన్ సర్వే: ఫ్లైట్ ప్లాన్ ఎలా వేసుకోవాలి

"అన్నా, 60 ఎకరాలు ఉంది, ఎంత ఎత్తులో ఎగరెయ్యాలి, ఎన్ని ఫోటోలు పడతాయి, బ్యాటరీలు ఎన్ని పట్టుకెళ్ళాలి?" ఫోన్లో, వాట్సాప్‌లో ఇదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్తుంటే ఒకరికి చెప్పింది ఇంకొకరికి మర్చిపోతున్నా, అందుకే ఈసారి మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

ముందుగా ఒక్క మాట. పొలం సర్వేలో మనకి కావాల్సింది పొలం మధ్యభాగం కాదు, అంచు. గొడవలన్నీ గట్టు దగ్గరే వస్తాయి, లెక్కలన్నీ గట్టు దగ్గరే తేలతాయి. కానీ డ్రోన్ ఫోటోల్లో బలంగా వచ్చేది మధ్యభాగం, బలహీనంగా వచ్చేది అంచు. ప్లాన్ వెయ్యడం అంటే ఈ తేడాని సరిచెయ్యడమే.

నేను కొత్తలో చేసిన ఒక జాబ్‌లో రైతు ఇచ్చిన హద్దు మీదే, సరిగ్గా దాని మీదే ప్లాన్ గీసేశా. ఆర్థో (ఫోటోలన్నీ కలిపి కొలతకి పనికొచ్చేలా చేసిన ఒకే పెద్ద ఫోటో మ్యాప్) చూస్తే మధ్యలో బ్రహ్మాండంగా ఉంది, తూర్పు గట్టు మాత్రం పాము పాకినట్టు వచ్చింది. రోవర్ (సెంటీమీటర్ల లెక్కలో పాయింట్ చెప్పే జీపీఎస్ కర్ర) పెట్టి చూస్తే కొన్నిచోట్ల 30 సెంటీమీటర్ల తేడా. 30 సెంటీమీటర్లేగా అనుకోకండి, 600 మీటర్ల గట్టు పొడుగునా 30 సెంటీమీటర్లు తేడా పడితే 180 చదరపు మీటర్లు, అంటే దాదాపు నాలుగున్నర సెంట్లు. రోడ్డు పక్క భూమి అయితే నాలుగున్నర సెంట్ల కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతున్నారు. మళ్ళీ కారేసుకుని వెళ్ళి మొత్తం ఎగరేసి వచ్చా, ఆ రోజు నుంచి ప్లాన్ బయటి నుంచి లోపలికే గీస్తున్నా.

కావాల్సినవి

- డ్రోన్. కుదిరితే మెకానికల్ షట్టర్ ఉన్నది. కింద లెక్కలన్నీ ఫాంటమ్ 4 ఆర్‌టీకే (ఎగురుతూనే ప్రతి ఫోటో స్థానాన్ని సెంటీమీటర్లలో సరిచేసుకునే డ్రోన్) కెమెరాకి చేశా, మీది వేరే అయితే లెన్స్, సెన్సర్ కొలతలు మార్చుకోండి
- బ్యాటరీలు, లెక్కకి వచ్చినదానికంటే ఒకటి ఎక్కువ
- రోవర్, బేస్ (ఒకచోట కదలకుండా ఉండి రోవర్‌కి సవరణలు పంపే జీపీఎస్) ఉన్న డీజీపీఎస్ సెట్టు, లేదా బేస్‌కి బదులు నెట్ ద్వారా ఆ సవరణలు ఇచ్చే సర్వే ఆఫ్ ఇండియా కార్స్ నెట్‌వర్క్‌లో లాగిన్
- జీసీపీ గుర్తులు (ఫోటోలో కనపడేలా నేల మీద పెట్టి రోవర్‌తో కొలిచే పాయింట్లు). నలుపు తెలుపు ఫ్లెక్స్ ముక్కలు, లేదా సున్నం. మేకులు, సుత్తి
- ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) కాపీ, తెలంగాణలో అయితే టిప్పన్, రీసర్వే అయిన ఊరైతే ఎల్‌పీఎం (కొత్త భూమి పటం)
- 30 మీటర్ల టేపు
- డ్రోన్ యూఐఎన్ (రిజిస్ట్రేషన్ నంబరు), పైలట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ కాగితాలు
- మనిషి ఒకరు. ఒక్కళ్ళే వెళ్ళకండి, మీరు స్క్రీన్ చూస్తుంటే ఆకాశం చూసేవాళ్ళు ఉండాలి

1. ముందు హద్దు నడవండి

ఆఫీసులో కూర్చుని గూగుల్ ఎర్త్‌లో కేఎంఎల్ (హద్దు గీత ఫైలు) గీసేసి నేరుగా ఫ్లైట్‌కి వెళ్ళడం చాలామంది చేసే మొదటి తప్పు. రైతుని, కుదిరితే పక్క పొలం ఆయన్ని కూడా పిలిచి గట్టు వెంబడి నడవండి, మూలల దగ్గర ఫోన్‌తో పాయింట్ తీసుకోండి, ఈ దశలో రెండు మూడు మీటర్లు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. నడిచేటప్పుడు నాలుగు చూస్కోండి: కరెంటు లైన్లు, సెల్ టవర్లు ఎక్కడున్నాయి, అన్నిటికంటే ఎత్తైన చెట్టు ఏది, నేల ఎటు వాలుగా ఉంది, సర్వే రాళ్ళు ఎన్ని కనపడుతున్నాయి.

గట్టు అరిగిపోయి దున్నేసిన చోట, రాయి మట్టిలో కూరుకుపోయిన చోట ఫోటోలో ఏమీ కనపడదు. అలాంటి చోట ఎగరేసేముందే సున్నంతో గీత గీయించండి. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో కూడా ఊళ్ళో ఇళ్ళ హద్దులకి ముందు సున్నం గీసి తర్వాతే డ్రోన్ ఎగరేశారు. నేల మీద కనపడని హద్దు ఆకాశం నుంచి అసలే కనపడదు.

2. జోన్ చూసుకోండి

డిజిటల్ స్కై (డ్రోన్లకి ప్రభుత్వ వెబ్‌సైట్) మ్యాప్‌లో మీ పొలం ఏ రంగులో ఉందో చూడండి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే 120 మీటర్ల దాకా విడిగా పర్మిషన్ అక్కర్లేదు. యెల్లో అయితే ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) పర్మిషన్, రెడ్ అయితే కేంద్ర ప్రభుత్వ పర్మిషన్ కావాలి. ఎయిర్‌పోర్ట్ హద్దుకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో ఉంటే గ్రీన్ 200 అడుగుల వరకే. గన్నవరం, శంషాబాద్ చుట్టుపక్కల పని ఒప్పుకునేవాళ్ళు రేటు చెప్పేముందే ఇది చూస్కోండి, ఎందుకంటే 100 మీటర్లకి బదులు 60లో ఎగరాల్సి వస్తే ఫోటోలు ఇంచుమించు 2.8 రెట్లు అవుతాయి, బ్యాటరీలు టైము కూడా పెరుగుతాయి.

డబ్బులు తీసుకుని చేసే పనికి 250 గ్రాములు దాటిన ఏ డ్రోన్‌కైనా పైలట్ సర్టిఫికెట్ ఉండాల్సిందే. "చిన్న డ్రోనే కదా" అని వదిలెయ్యకండి.

3. ఎత్తు తేల్చుకోండి

ఎత్తు నుంచి మొదలెట్టకండి. ఫోటోలో ఒక పిక్సెల్ నేల మీద ఎన్ని సెంటీమీటర్లు ఉండాలి అన్నదాని నుంచి మొదలెట్టండి, దాన్నే జీఎస్‌డీ అంటాం. గట్టు వెడల్పు ఒక అడుగు ఉంటే దాని మీద కనీసం పది పిక్సెళ్ళు పడితేనే దాని మధ్య గీత నమ్మకంగా గియ్యగలం, అంటే జీఎస్‌డీ 3 సెంటీమీటర్లు, ఇంకా తక్కువైతే మంచిది.

ఈ కెమెరాకి లెక్క తేలిక. ఎత్తుని మీటర్లలో తీసుకుని 36.5తో భాగిస్తే జీఎస్‌డీ సెంటీమీటర్లలో వస్తుంది. 100 మీటర్లకి 2.74. 120కి 3.3. 60కి 1.64. పొలం పనికి నేను 100 వాడతా. తక్కువ ఎత్తులో ఎగరేస్తే క్లారిటీ పెరుగుతుంది కదా అని 50, 60కి దిగేవాళ్ళున్నారు, అవసరం లేదండి, ఫోటోలు పెరిగి ప్రాసెసింగ్‌కి రాత్రంతా పడుతుంది. పైగా తక్కువ ఎత్తులో చెట్లు ఫోటో ఫోటోకీ మారినట్టు కనపడి సాఫ్ట్‌వేర్ వాటిని కలపలేదు.

4. ఓవర్‌ల్యాప్, లైన్ల లెక్క

ఈ కెమెరా ఫోటో నేల మీద ఎత్తుకి ఒకటిన్నర రెట్లు వెడల్పు, ఎత్తుకి సమానంగా పొడవు కవర్ చేస్తుంది. 100 మీటర్ల దగ్గర 150 మీటర్లు, 100 మీటర్లు. ముందుకి 80 శాతం, పక్కకి 70 శాతం ఓవర్‌ల్యాప్ (ఒక ఫోటో ఇంకో ఫోటో మీదికి ఎక్కే భాగం) పెడితే:

ఫోటోకి ఫోటోకి దూరం: 100లో 20 శాతం, 20 మీటర్లు.
లైనుకి లైనుకి దూరం: 150లో 30 శాతం, 45 మీటర్లు.

మన పొలం 600 మీటర్లు పొడవు, 400 మీటర్లు వెడల్పు అనుకోండి, 59 ఎకరాల చిల్లర. పొడవు వెంట ఎగిరితే 400ని 45తో భాగించి పైకి సరిచేస్తే 9 సందులు, 10 లైన్లు. అటొకటి ఇటొకటి ఎక్స్‌ట్రా వేస్తే 12 లైన్లు. ఒక్కో లైను రెండు చివర్లా 40 మీటర్లు బయటికి పోవాలి, 680 మీటర్లు, 35 ఫోటోలు. మొత్తం 420 ఫోటోలు, లైన్లే 8160 మీటర్లు.

అదే అడ్డంగా, 400 వైపు ఎగిరితే? 17 లైన్లు, ఒక్కోటి 480 మీటర్లు, దూరం అదే 8160. కానీ మలుపులు 11కి బదులు 16. ప్రతి మలుపు దగ్గర డ్రోన్ ఆగి తిరిగి మళ్ళీ స్పీడ్ అందుకోవాలి, బ్యాటరీ అక్కడ తింటుంది. అందుకే పొడవు వెంటే ఎగరండి. గాలి బాగా ఉన్న రోజు మాత్రం లైన్లు గాలికి అడ్డంగా పడేలా చూడండి, లేకపోతే ఒక లైను పరుగు, ఇంకో లైను నత్తనడక అవుతుంది.

స్పీడ్ సెకనుకి 8 మీటర్లు పెడితే రెండున్నర సెకన్లకి ఒక ఫోటో. 8160 మీటర్లు, మలుపులతో కలిపి 8.6 కిలోమీటర్ల పైన, అంటే 18 నిమిషాలు ఉత్త ఎగరడానికే, పైకెక్కడం, దిగడం, మలుపుల్లో ఆగడం కలిపితే 22 దాకా పోతుంది. డబ్బా మీద 30 నిమిషాలు అని రాసుంటుంది గానీ 30 శాతం మిగిలుండగానే దించెయ్యాలి, కాబట్టి దీనికి రెండు బ్యాటరీలు, చేతిలో మూడోది. మొదటి బ్యాటరీ లైను మధ్యలో ఆగకుండా చూస్కోండి, ఆ లైను పూర్తయ్యాకే దించండి.

5. అంచు దాటి ఎగరండి

ఈ స్టెప్ దగ్గర కాస్త నిదానంగా చదవండి. పొలం మధ్యలో ఏ పాయింట్ తీసుకున్నా ఈ ప్లాన్‌లో 15, 16 ఫోటోల్లో పడుతుంది, అన్ని వైపుల నుంచీ. ఇప్పుడు హద్దు మీదే ప్లాన్ గీసి అక్కడే లైన్లు ఆపేశారనుకోండి, మూల రాయి ఆరు ఫోటోల్లోనే పడుతుంది, ఆ ఆరూ లోపలి వైపు నుంచి తీసినవే. బయటి వైపు నుంచి ఆ రాయిని ఏ ఫోటో చూడలేదు, అందుకే అది కదులుతుంది, ఎత్తు తప్పు పడుతుంది, గట్టు వంకర పోతుంది. అదే పైన చెప్పినట్టు పక్కకి ఒక లైను, చివర్లలో 40 మీటర్లు బయటికి వేస్తే ఆ మూల రాయి కూడా 15 ఫోటోల్లో పడుతుంది.

లెక్క గుర్తు లేకపోతే ఇది గుర్తుపెట్టుకోండి: ఎగిరే ఎత్తులో సగం బయటికి పోవాలి. 100కి 50 మీటర్లు. యాప్‌లో మార్జిన్ అనే ఆప్షన్ ఉంటే అక్కడ పెట్టండి, లేకపోతే కేఎంఎల్‌ని క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో 50 మీటర్లు బఫర్ చేసి, అంటే చుట్టూ పెంచి, ఆ పాలిగాన్‌నే లోడ్ చెయ్యండి. ఫోటోలు పెరుగుతాయని భయపడకండి, పెరిగేది రెండు లైన్లు.

బయటికి వెళ్ళడం అంటే పక్కాయన పొలం మీద ఎగరడం. ముందు రోజే చెప్పండి. చెప్పకుండా ఎగరేస్తే "మా భూమి కొలుస్తున్నారు" అని ఊరంతా వచ్చేస్తారు, వాళ్ళ కంగారులో తప్పు లేదు.

6. నేల ఎత్తుపల్లాలు

100 మీటర్లు అంటే డ్రోన్ లేచిన చోటి నుంచి 100. మీరు కింద రోడ్డు పక్కన లేపారు, పొలం చివర 40 మీటర్ల గుట్ట ఉంది. గుట్ట మీద డ్రోన్ ఎత్తు 60 మీటర్లే. అక్కడ ఫోటో వెడల్పు 90 మీటర్లకి తగ్గింది, లైన్ల మధ్య దూరం మాత్రం అదే 45, అంటే సైడ్‌ల్యాప్ (పక్క ఓవర్‌ల్యాప్) 70 నుంచి 50కి పడిపోయింది. యాప్‌లో మాత్రం 70 అనే చూపిస్తుంది. మర్నాడు ఆఫీసులో గుట్ట మీద చిల్లులు పడ్డ ఆర్థో చూసి తలపట్టుకునేది దీనివల్లే.

మూడు దార్లున్నాయి. టెర్రెయిన్ ఫాలో (నేల ఎత్తుని బట్టి డ్రోన్ కూడా ఎత్తు మార్చుకోవడం) ఉంటే వాడండి, కానీ ఉచితంగా దొరికే ఎత్తుల డేటాలో చెట్లు, టవర్లు సరిగ్గా ఉండవు కాబట్టి ముందు ఒకసారి ఖాళీగా తిప్పి చూస్కోండి. లేదంటే గుట్టని, పల్లాన్ని రెండు బ్లాకులుగా విడగొట్టి వేర్వేరు ఎత్తుల్లో ఎగరండి, రెండు బ్లాకుల మధ్య రెండు లైన్లు ఒకదాని మీద ఒకటి పడాలి. ఏదీ కుదరకపోతే అన్నిటికంటే ఎత్తైన చోట నుంచి లేపి, ఓవర్‌ల్యాప్ లెక్క ఆ ఎత్తైన నేలకే వేస్కోండి. అప్పుడు పల్లంలో నేల నుంచి 120 మీటర్లు దాటకుండా చూస్కోవాలి.

తోటలున్నచోట కూడా ఇదే లెక్క. 20 మీటర్ల కొబ్బరి చెట్ల తలల దగ్గర సైడ్‌ల్యాప్ 62కి దిగుతుంది. కోనసీమ కొబ్బరికి, నూజివీడు మామిడికి నేను ఓవర్‌ల్యాప్ ముందుకి 85, పక్కకి 80 పెట్టి ఎత్తు 120కి పెంచుతా. అయినా చెట్ల కింద గట్టు రాదు. దాన్ని రోవర్‌తో కొట్టుకోవాల్సిందే, ఫోటోలో ఊహించి గీత గియ్యకండి.

చేపల చెరువులు, నాట్లేసి నీళ్ళు పెట్టిన మళ్ళు ఇంకో సమస్య. నీళ్ళల్లో సాఫ్ట్‌వేర్‌కి పట్టుకోడానికి ఏమీ ఉండదు. ప్రతి ఫోటోలో కొంతైనా గట్టు పడేలా లైన్లు జరపండి. వరి పొలాలైతే అసలు కోతలయ్యాక, గట్లు బయటపడ్డాక రమ్మని రైతుకి చెప్పడమే మంచిది.

7. జీసీపీలు

ఆర్‌టీకే డ్రోన్ ఉంది కదా జీసీపీలు ఎందుకు అంటారు. పెట్టండి. కనీసం చెక్ చేసుకోడానికైనా నేల మీద నిజం ఉండాలి. ఈ పొలానికి నేను పెట్టేది నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, పొడవు గట్ల మధ్యలో రెండు, మొత్తం ఏడు. ఇవి కాక మూడు నాలుగు చెక్ పాయింట్లు, వీటిని ప్రాసెసింగ్‌లో వాడకూడదు, చివర్లో తప్పు ఎంతో చూడ్డానికే.

సైజు 60 సెంటీమీటర్ల చదరం ఉంటే 22 పిక్సెళ్ళు పడతాయి, మధ్య బిందువు స్పష్టంగా కనపడుతుంది. సున్నంతో అయితే ప్లస్ గుర్తు, చేతులు మీటరు పొడుగు, కానీ గీత లావు బెత్తెడుకి మించితే మధ్య ఎక్కడో మీకే తెలీదు, అందుకని మధ్యలో మేకు కొట్టి దాని మీదే రోవర్ పెట్టండి. ఫ్లెక్స్ ముక్కలకి నాలుగు మూలలా మేకులు, లేకపోతే గాలికి పోతాయి, గేదెలు తొక్కుతాయి, పిల్లలు పట్టుకుపోతారు. చెట్టు పక్కన, గట్టు వాలు మీద, కారు ఆపుకునే చోట పెట్టకండి.

రోవర్ దగ్గర చూడాల్సినవి: స్క్రీన్ మీద ఫిక్స్ ఉందా ఫ్లోట్ ఉందా (ఫిక్స్ అంటే స్థానం సెంటీమీటర్లలో కుదిరినట్టు, ఫ్లోట్ అంటే ఇంకా కుదరనట్టు; ఫ్లోట్ అయితే తియ్యకండి, ఆగండి), పోల్ ఎత్తు 2 మీటర్లా 1.8 మీటర్లా, మెషీన్‌లో ఎంత కొట్టారు. ప్రతి పాయింట్‌కీ పోల్ కింద మొన కనపడేలా ఫోన్ ఫోటో తీయండి. రాత్రి ఆఫీసులో జీసీపీ 4 ఏది 5 ఏది అని తేలనప్పుడు ఆ ఫోటోయే కాపాడుతుంది.

ఇంకోటి, యూటీఎం జోన్, అంటే కోఆర్డినేట్లు మీటర్లలో రాయడానికి భూమిని నిలువుగా కోసిన పట్టీ నంబరు. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 44లో ఉంది కాబట్టి అందరూ కళ్ళు మూసుకుని ఈపీఎస్‌జీ 32644 (సాఫ్ట్‌వేర్‌లో 44వ జోన్ కోడ్) పెట్టేస్తారు. కానీ 78 డిగ్రీల రేఖాంశానికి పడమటి వైపు ఉన్న అనంతపురం, హిందూపురం, ఆదోని, నారాయణపేట, జహీరాబాద్ 43లోకి వస్తాయి. 84 దాటిన టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లోకి వస్తాయి. రోవర్‌లో ఒక జోన్, సాఫ్ట్‌వేర్‌లో ఇంకో జోన్ పెడితే పొలం వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది. అలాగే ఎలిప్సాయిడ్ ఎత్తు (జీపీఎస్ నేరుగా ఇచ్చే ఎత్తు) మన దగ్గర సముద్రమట్టం ఎత్తుకంటే పదుల మీటర్లు తక్కువ ఉంటుంది, కోస్తాలో మైనస్‌లో కనపడితే మెషీన్ పాడైందనుకోకండి. రెండిట్లో ఏదో ఒకటే వాడండి, కలపకండి.

8. టైము, కెమెరా

ఉదయం పదింటి నుంచి రెండింటి మధ్య నీడలు పొట్టిగా ఉంటాయి. మే నెలలో మాత్రం ట్యాబ్ వేడెక్కి ఆగిపోతుంది, మధ్యాహ్నం ఎండు పొలాల్లో సుడిగాలులు లేస్తాయి, అప్పుడు 9 నుంచి 11 లోపే ముగించండి. పలచగా మబ్బు కమ్మిన రోజు దొరికితే వదలకండి, నీడలే ఉండవు. సంక్రాంతి రోజుల్లో ఊరి దగ్గర ఎగరెయ్యకండి, గాలిపటాల మాంజా తగిలితే డ్రోన్ చేతికి రాదు. గద్దలు చుట్టూ తిరగడం మొదలెడితే కాసేపు దించెయ్యండి.

కెమెరా నిట్టనిలువుగా కిందికి, ఫోకస్ లాక్, వైట్ బ్యాలెన్స్ ఆటో కాకుండా ఒకదాని మీద, షట్టర్ 1/1000 లేదా ఇంకా వేగంగా. సెకనుకి 8 మీటర్ల స్పీడ్‌లో 1/1000కి డ్రోన్ 8 మిల్లీమీటర్లు కదులుతుంది, ఫర్వాలేదు. 1/250కి 3.2 సెంటీమీటర్లు కదులుతుంది, అంటే ఒక పిక్సెల్ కంటే ఎక్కువ, జీసీపీ గుర్తు అలుక్కుపోతుంది.

9. పొలం వదలకముందే చూసుకోవాల్సినవి

అందరూ డ్రోన్ దిగగానే సర్దేసి బయల్దేరతారు. ఇంకో అరగంట ఉండండి. కార్డులో ఫోటోలు లెక్కపెట్టండి, 420కి దగ్గర్లో ఉన్నాయా? 380 ఉంటే ఒక లైను ఎగిరిపోయినట్టే. ప్రతి లైనులో మొదటి ఫోటో, చివరి ఫోటో తెరిచి పూర్తి జూమ్‌లో చూడండి, గడ్డి పోచలు విడివిడిగా ఉన్నాయా, అలుక్కుపోయాయా. ప్రతి మూల రాయీ గట్టుకి అవతల వైపు నుంచి తీసిన ఫోటోలో కూడా ఉందా? ఆర్‌టీకే అయితే ఎన్ని ఫోటోలు ఫిక్స్‌లో పడ్డాయో చూడండి. ల్యాప్‌టాప్ ఉంటే వెబ్‌ఓడీఎం లాంటి ఫోటోలు కలిపే సాఫ్ట్‌వేర్‌లో సైజు తగ్గించి ఒక్కసారి నడపండి, అందం అక్కర్లేదు, చిల్లులు కనపడితే చాలు. రోవర్ పాయింట్ల ఫైలు ఫోన్‌లోకి కాపీ అయ్యిందా? అప్పుడు జీసీపీలు పీకండి, అంతకుముందు వద్దు.

టేపుతో రెండు కొలతలు తీసి రాసుకోండి, కల్వర్టు గోడ పొడుగు, బోరు షెడ్డు పక్క గోడ, ఇలాంటివి.

10. ఆఫీసులో చెక్

చెక్ పాయింట్ల తప్పు అడ్డంగా 5 సెంటీమీటర్ల లోపు, ఎత్తులో 8 లోపు ఉంటే ఈ పనికి బాగా వచ్చినట్టు. ఎక్కువుంటే ఎలా ఉందో చూడండి, కారణం అక్కడే దొరుకుతుంది. అన్ని పాయింట్లూ ఒకే వైపు ఒకే దూరం జరిగుంటే బేస్ కోఆర్డినేట్ తప్పు. అన్నీ ఎత్తులో ఒకే అంకె తేడా, అదీ 20 సెంటీమీటర్లు ఉంటే పోల్ ఎత్తు తప్పు కొట్టారు. ఒక మూలకి పోయేకొద్దీ పెరుగుతుంటే ఆ మూల జీసీపీ సరిగ్గా లేదు. మధ్యలో నేల గిన్నెలా వంగితే మధ్య జీసీపీ పెట్టలేదన్నమాట. ఒక్క పాయింటే తేడా ఉంటే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని పక్క గుర్తు మీద నొక్కి ఉంటారు.

గూగుల్ ఎర్త్ మీద పెట్టి "కుదరలేదు" అని భయపడకండి, ఆ బొమ్మే కొన్ని మీటర్లు జరిగి ఉండొచ్చు. మీ టేపు కొలతల్నే నమ్మండి.

ఇంకో సంగతి రైతుకి ముందే చెప్పండి. ఆర్థోలో గీసిన గీత కొలతకి ఆధారమే గానీ హక్కు కాగితం కాదు. ఆంధ్రలో 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో మొదలుపెట్టిన రీసర్వేలో కూడా డ్రోన్ ఫోటోతో సరిపెట్టలేదు, సర్వేయర్లు గట్ల మీద నడిచి రైతుల ఎదురుగా సరిచూశారు. మనం కూడా ఆర్థో ప్రింట్ తీసుకెళ్ళి ఇద్దరు పక్కవాళ్ళనీ నిలబెట్టి, వేప చెట్టు ఇది, బోరు ఇది, గట్టు ఇది అని చూపించాలి.

చిల్లు కనపడితే మొత్తం మళ్ళీ ఎగరెయ్యక్కర్లేదు. ఆ ముక్కకి చుట్టూ రెండు లైన్లు పాత ఫోటోల మీదికి పడేలా చిన్న ప్లాన్ వేసి, అదే ఎత్తులో, దాదాపు అదే టైములో, వారంలోపు వెళ్ళి తీయండి. ఆలస్యం చేస్తే దుక్కి దున్నేస్తారు, నేల రంగు మారిపోయి పాతవీ కొత్తవీ కలవవు. వెళ్ళేముందు రైతుకి ఫోన్ చేసి ట్రాక్టర్ ఎప్పుడు దిగుతోందో కనుక్కోండి.